శాసనపాఠము - ఴకారము - కంప్యూటరు

కడప జిల్లాలోని కలమళ్ళ శాసనము క్రీ. శ. 575 ప్రాంతమునాటిది. కడప, కర్నూలు సీమల నేలిన రేనాటి చోడుల శాసనములలో, నేటి వర్ణమాలలో లేని ఴకారము కానవచ్చుచున్నది. ఇట్టి పాఠములను కంప్యూటరున కెక్కించువారు కొందఱు సాఫ్టువేరును నెలకొల్పుటను పాఠపరిష్కరణమునకు వెలుపలి పనిగా నెంచుచున్నారు. ఈ యభిప్రాయము మాకు సమ్మతము కాదు.

ఴకారము యూనికోడులో 2014లో, ఏడవ కూర్పున, చేరినది. ఆ యక్షరము లేని ఫాంటు గల యంత్రమున దీనికి బదులు సాధారణముగా నొక ఖాళీగడి కన్పట్టును. ఆ లోపము కంటికి దెలియును. గడికి జంకి ళకారము వ్రాసినచో దోషము కనబడనే కనబడదు. తమిళమున ‘ఏఴు’, ‘కోఴి’ యనునవి తెలుగున ‘ఏడు’, ‘కోడి’. ‘చోఴ’ శబ్దము ‘చోడ’ యైనది. ళకారము చేరిన పాఠమున ఈ డకారపరిణామమునకు సాక్ష్యము నశించును.

కావున మొదట ఆ యక్షరము గల ఫాంటును, పిదప దానిని వ్రాయగల కీబోర్డును నెలకొల్పవలెను. ఒక పంక్తిని ముద్రించి, రాతిమీదినుండి యెత్తిన నకలుతో సరిచూచిన తరువాతనే పని కుపక్రమింపవలెను. ఫాంటు పేరును, కూర్పు సంఖ్యను పీఠికలో ప్రతుల వివరణముతోపాటు పేర్కొనవలెను. అట్లు చేయనిచో, ఆ ళకారము శాసనముననే యున్నదో, యంత్రమువలన వచ్చినదో తెలిసికొనుటకు రాబోవు పరిశోధకునకు మార్గ ముండదని మా యభిప్రాయము.