బిడ్డ తల బయటపడే వేళ

కోయంబత్తూరులో మా పీలమేడు, గణపతి వైపు తెలుగిళ్ళల్లో కాన్పయిన పిల్లను చూడబోయినవాళ్ళు గడపలోనే అడిగేది ఒకటే: "నార్మలా, ఆపరేషనా?" నార్మల్ అన్నారంటే అందరి మొహాలూ విప్పారతాయి. ఆ పిల్ల ఒక పక్కకు ఒరిగి, సగం పిర్ర మీద కూర్చుని పాలిస్తున్న సంగతి ఎవరి కంటా పడదు. కింద ఎన్ని కుట్లు పడ్డాయో, ఎందుకు పడ్డాయో అడిగే నాథుడుండడు. లేబర్ రూములో సిస్టరుగా పనిచేసినన్నాళ్ళూ నన్ను తొలిచిన బాధ ఇదే. తమిళనాడులో ఇప్పుడు కాన్పులు దాదాపు అన్నీ ఆసుపత్రుల్లోనే. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన వాటిలో 44.9 శాతం సిజేరియన్లు. ఆ భయంతో మామూలు కాన్పయితే అదే పదివేలు అనుకుంటాం. కానీ మామూలు కాన్పు చేయించడంలో కూడా మంచీ చెడూ ఉన్నాయి. మంచిది కావాలని అడిగే హక్కు మనకుంది.

ప్రాణం దక్కితే చాలుననుకున్న కాలం మరీ పాతది కాదు. మదురైలో అరవింద్ కంటి ఆసుపత్రి పెట్టిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 1918లో ఎట్టయాపురం దగ్గర వడమలాపురంలో పుట్టారు. వరసకు అక్కచెల్లెళ్ళయ్యే ముగ్గురు కడుపుతో ఉండి చనిపోవడం చిన్నతనంలోనే చూశారు. డాక్టరు కావాలన్న పట్టుదల అక్కడ పుట్టింది. ఆయన ఎంచుకున్నది కూడా ప్రసూతి వైద్యమే. కీళ్ళవాతం వేళ్ళను వంకర చేసేయడంతో అది వదులుకుని కంటి వైద్యానికి మళ్ళారు. అలాంటి చావులను చాలావరకు ఆపగల వైద్యం ఇవాళ ఉంది. ఇక గాయం సంగతి కూడా పట్టించుకోవాలి కదా.

తొలికాన్పులో కాస్తో కూస్తో చిరగడం మామూలే. చర్మం వరకో, దాని కింది కండ వరకో అయితే మానిపోతుంది. మలద్వారాన్ని బిగించి పట్టే కండరం తెగితే మూడో రకం, లోపలి పొర కూడా చీలితే నాలుగోది. వీటిని అప్పటికప్పుడు గుర్తించి, థియేటరుకు తీసుకెళ్ళి పొర తర్వాత పొరగా కుట్టాలి. లేకపోతే గాలి, మలం ఆపుకోలేని అవస్థ ఏళ్ళ తరబడి వెంటాడుతుంది. ఆ అవస్థతో పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ వెళ్ళడం మానుకున్న ఆడవాళ్ళను నేనెరుగుదును. వాళ్ళలో కట్టుకున్నవాడికి కూడా చెప్పుకోనివాళ్ళున్నారు.

చీలిక ఎక్కువగా జరిగేది చివరి రెండు మూడు నొప్పుల్లోనే. బిడ్డ తల కనిపించి, నొప్పి తగ్గినా వెనక్కి పోకుండా నిలిచిపోయిందంటే గదిలో అందరికీ ఆత్రం పుడుతుంది. "ముక్కమ్మా, ముక్కు, ఇంకా గట్టిగా!" అని నాలుగు గొంతులు లేస్తాయి. సరిగ్గా అప్పుడే ముక్కడం ఆపించాలి. "నోరు తెరువమ్మా, దీపం ఆరకూడదు, మంట మాత్రం కదలాల, అట్లా ఊదు" అనేదాన్ని. ఒక చేతి వేళ్ళు బిడ్డ తల మీద ఆనించి ఉంచాలి, నెట్టడానికి కాదు, ఒక్కసారిగా దూకకుండా. రెండో చేతిలో వేణ్ణీళ్ళలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డ. వేడిని ముందు మన మణికట్టు మీద చూసుకుని, యోనికీ మలద్వారానికీ మధ్యనున్న చోట అదిమి పట్టాలి. అక్కడి చర్మం పలచబడి, తెల్లబారి, నున్నగా మెరుస్తుంటుంది. కాస్త వ్యవధి ఇస్తే తనంతట తానే సాగుతుంది. నుదురు, ముక్కు, గడ్డం ఒకదాని వెనక ఒకటి జారి వస్తాయి. వెల్లకిలా కాళ్ళు కట్టేసి పడుకోబెట్టేకంటే పక్కకు తిప్పి పడుకోబెడితే తల వేగం చేతికి బాగా అందుతుందని నా అనుభవం.

ఆ వేడిగుడ్డ మా అవ్వ కాలం మంత్రసానికీ తెలుసు. 2007లో ఆస్ట్రేలియాలో హన్నా డాలెన్ బృందం 717 మంది తొలిచూలు స్త్రీలతో దాన్ని పరీక్షించింది. కుట్లు పడినవాళ్ళ సంఖ్య పెద్దగా మారలేదు గానీ మూడో, నాలుగో రకం చీలికలు తగ్గాయి, నొప్పీ తగ్గింది. ఆ మంత్రసానే పొట్ట మీద బలంగా నొక్కేది కూడా. అది తప్పు. ఇవాళ్టికీ కొన్నిచోట్ల నొక్కుతూనే ఉన్నారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ వద్దంటున్నా.

ఇక కత్తెర. తొలికాన్పంటే యోనిద్వారం దగ్గర ముందే కోత పెట్టాలన్న వాదాన్ని 1920లో అమెరికా వైద్యుడు జోసెఫ్ డిలీ గట్టిగా వినిపించాడు. ముందే కోస్తే పెద్ద చీలిక తప్పుతుందని నమ్మకం. 1993లో అర్జెంటీనాలో 2,606 మందితో జరిగిన పరిశోధన ఆ నమ్మకాన్ని నిలబడనివ్వలేదు. అందరికీ కోత పెట్టడం వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో స్పష్టంగా చెప్పింది. బిడ్డ గుండె చప్పుడు పడిపోతున్నప్పుడు కోత కావాలి, దాన్నెవరూ కాదనరు. అలవాటు కొద్దీ పెట్టే కోతే నాకు కోపం తెప్పిస్తుంది.

గాజులు తొడిగించుకుని పుట్టింటికి వచ్చిన పిల్ల చేతిలో కూడా ఒక పని ఉంది. ముప్పై అయిదో వారం నుంచి, వారానికి ఒకటి రెండుసార్లు, వేణ్ణీళ్ళ స్నానమయ్యాక, గోళ్ళు తీసి, చేతులు కడుక్కుని, శుభ్రమైన తినే నూనెతో బొటనవేళ్ళు ఒకటి రెండు అంగుళాలు యోని లోపలికి పెట్టి కిందికీ పక్కలకూ మెల్లగా సాగదీయాలి. కాస్త మంటగా అనిపించేదాకా, అయిదు నిమిషాలు. తొలిచూలు వాళ్ళకు దీనివల్ల కుట్లు పడే అవకాశం తగ్గుతుందని పరిశోధనలు తేల్చాయి. ఇది చెప్పినప్పుడు "ఛీ, ఇదేం పని సిస్టరమ్మా" అన్న తల్లులే ఎక్కువ. పిల్ల మాత్రం తలుపు దగ్గర ఆగి మళ్ళీ అడిగేది. ఇన్ఫెక్షన్, రక్తస్రావం ఉన్నా, మాయ కిందికి ఉన్నా, ఉమ్మనీరు పోయినా దీని జోలికి పోకూడదు, డాక్టరును అడిగే మొదలుపెట్టాలి.

తెలంగాణలో ఫెర్నాండెజ్ ఆసుపత్రి తోడ్పాటుతో 2017లో కరీంనగర్‌లో నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలైందని తెలిసి సంతోషించాను. ఓపికగా పక్కన కూర్చోవడాన్ని కూడా అక్కడ పనిగానే నేర్పుతారు. మా వైపూ అలాంటివాళ్ళు ప్రతి లేబర్ రూములోనూ ఉండాలి.

కాన్పు తర్వాత మన ఇళ్ళల్లో పథ్యం పేరుతో బాలింతకు నీళ్ళు తగ్గిస్తారు. కుట్లున్న మనిషికి అది శిక్షే. నీళ్ళు తక్కువైతే మలం గట్టిపడుతుంది, ముక్కితే కుట్లు లాగుతాయి. నీళ్ళు తాగనివ్వండి, ఆకుకూరా పండూ పెట్టండి. జ్వరం, దుర్వాసన, పెరిగే నొప్పి ఉంటే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి. నెలలు గడిచినా గాలి ఆపుకోలేకపోతున్నానని పిల్ల చెబితే "కాన్పయితే అంతే" అనకండి. వ్యాయామాలున్నాయి, తెగిన కండరాన్ని మళ్ళీ కుట్టే వైద్యమూ ఉంది.