తాటకిని ఏ వైపు రాయాలి?

పోయిన వేసవిలో ఒక స్నేహితురాలు తమ స్కూలు లైబ్రరీకి చదవదగ్గ పుస్తకాల జాబితా రాసిమ్మని అడిగింది. పిల్లలకూ, వాళ్ళ అమ్మానాన్నలకూ కూడానట. "సాహిత్యంలో డాక్టరేట్ చేశావుగా, నీకిదెంత పని" అంది. కాగితం మధ్యలో నిలువుగా గీత గీసి ఎడంపక్క పిల్లలకు, కుడిపక్క పెద్దలకు అని రాసుకున్నాను. గంటలో అయిపోతుందనుకున్న పనికి పదిరోజులు పట్టింది. ఇబ్బందంతా ఆ గీతతోనే.

మొదట రాసిన పేరు ‘బుడుగు’. ముళ్ళపూడి వెంకటరమణ రాత, బాపు గీత. 1950లలో వచ్చిన ఆ పుస్తకం పిల్లలకా పెద్దలకా అని ఎవరూ అడగరు. నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. ఈసారి మాత్రం పేర్ల దగ్గర ఆగిపోయాను. ఒకామె లావుపాటి పిన్నిగారు, ఒకమ్మాయి రెండుజెళ్ళ సీత. ఒంటిని బట్టి, జడల్ని బట్టి ఆడవాళ్ళకు గుర్తింపు. (ఆ పిన్నిగారి మొగుణ్ణి మాత్రం ఆవిడ మొగుడిగానే పిలుస్తారు, అదో ఊరట!) పుస్తకం తీసెయ్యమని నేననను. అల్లరి చేసే హక్కు మగపిల్లాడికి ఎంత సులువుగా దొరికిందో, మనమంతా దాన్ని ఎంత ముద్దు చేశామో గమనించమంటాను.

అదే అల్లరి ఆడపిల్ల చేస్తే బళ్ళోంచి పంపేస్తారు. తెత్సుకో కురొయానగి చిన్ననాటి జ్ఞాపకాలు 1981లో జపాన్‌లో వెలువడ్డాయి. మనకు ‘రైలుబడి’గా వచ్చాయి. ఉపాధ్యాయులు ఈ పుస్తకం గురించి మాట్లాడితే రైలుపెట్టెల్లో తరగతులు, ప్రధానోపాధ్యాయుడు కొబయాషి ఓర్పు, ఇవే చెప్తారు. ఆ తల్లి ఊసెత్తరు. పాత బడివాళ్ళు పంపేశారన్న సంగతి ఆమె కూతురికి ఇరవయ్యేళ్ళు నిండేదాకా చెప్పలేదు! బడి నుంచి కబురొస్తే ముందు వీపు మీద ఒకటి వేసి ఆ తర్వాత సంగతేంటని అడిగే ఇళ్ళల్లో పెరిగినవాళ్ళం మనం. తొమ్మిదేళ్ళప్పుడు చదివితే నాకు తొత్తోచాన్ ఒక్కతే కనిపించింది. ముప్పయ్యయిదేళ్ళకు చదివితే ఆ తల్లి మౌనమే పుస్తకమంతా వినిపించింది. దీన్ని గీతకి ఏ పక్కన రాయను?

ఇక అసలు గొడవ. హైదరాబాద్‌లోని అన్వేషి సంస్థ 2008లో ‘డిఫరెంట్ టేల్స్’ పేరుతో పిల్లల పుస్తకాలు తెచ్చింది. మన పాఠ్యపుస్తకాల్లో కనిపించని దళిత, ముస్లిం ఇళ్ళ పిల్లలు వాటిలో ఉన్నారు. ఖదీర్‌బాబు ‘తలకాయ కూర’, గోగు శ్యామల తాటకి కథ నా జాబితాలో పెట్టాను. శ్యామల కథలో బాలమణి బడి ఈడు పిల్ల. పొలానికి నీళ్ళు కట్టడానికి వెళ్ళి, మీద పడబోయిన దొరని ఎదిరించి బయటపడుతుంది.

జాబితా తిరిగొచ్చింది. తలకాయ కూర పక్కన ప్రశ్నార్థకం. తాటకి మీద ఎర్ర గీత, పక్కన "పెద్దలకు మార్చండి" అని. స్నేహితురాలు కాదు, కమిటీ వేసింది.

రామాయణంలో తాటకిని బాణంతో చంపే ఘట్టం మనం అయిదేళ్ళ పిల్లలకు బొమ్మలతో సహా చెప్తాం. ఆడదాన్ని చంపడానికి సంకోచించవద్దని గురువు శిష్యుడికి చెప్పడం కూడా అందులో ఉంది. దానికెవరూ వయసు పరిమితి పెట్టలేదు. ఆ పేరుతోనే ఒక మాదిగ పిల్ల గెలిస్తే మాత్రం అది పెద్దల కథ అయిపోయింది.

కమిటీ భయాన్ని పూర్తిగా కొట్టిపారెయ్యను. ఈ కథ చదివిన పిల్ల ప్రశ్న వేస్తుంది, జవాబు చెప్పగలిగిన మనిషి పక్కన ఉండాలి. అయితే ఆ మనిషిని తయారుచెయ్యాలి గానీ పుస్తకాన్ని పై అరలో పెడితే ఎలా?

నాకు పదకొండేళ్ళప్పుడు ట్యూషన్ దారిలో ఒకడు చెయ్యి పట్టుకున్నాడు. విదిలించుకుని పరిగెత్తాను. ఇంట్లో చెప్పలేదు. భయం ఒక కారణం, చెప్పడానికి మాటల్లేకపోవడం అంతకంటే పెద్ద కారణం. అప్పటికి నేను చదివిన పుస్తకాల్లో ఆడపిల్లలకు అలాంటివి జరగవు. జరిగినా వాళ్ళు ఏడుస్తారు, ఎవరో వచ్చి కాపాడతారు. విదిలించుకుని పరిగెత్తడం కూడా గెలుపేనని ఎవరైనా అప్పుడే చెప్పి ఉంటే, ఆ దారి మార్చుకుని ఏడాదిపాటు చుట్టూ తిరిగి వెళ్ళేదాన్ని కాదేమో.

జాబితా మళ్ళీ పంపాను. ఈసారి మధ్యలో గీత లేదు. తాటకిని రైలుబడి పక్కన రాశాను. కమిటీ ఇంకా కూర్చోలేదట.