“మొసలి కన్నీరు” – అర్థవిచారము

ఆంగ్లమున నిత్యవ్యవహారమందున్న నుడికారములలో “క్రొకడైల్ టియర్స్” అనునది యొకటి. మన పత్రికలలోను సభలలోను వినఁబడు “మొసలి కన్నీరు” దీనికి సరియగు మాట. దీని కర్థమేమని విద్యార్థి యడిగినచోఁ “గపటదుఃఖ”మని చెప్పి యూరకుండుట పరిపాటి. ఈ యర్థము తప్పుగాదు. కాని సగమే యని నా యభిప్రాయము.

దీనికి మూలము పాశ్చాత్యుల పురాతనవిశ్వాసము. 14వ శతాబ్దమున మాండవిల్ పేర వెలసిన యాత్రాగ్రంథమున మొసళ్లు మనుష్యులఁ జంపి యేడ్చుచుఁ దినునని యున్నది. శోకము నటించి బాటసారులఁ జేరఁదీసి పట్టునని మఱియొక కథ. రెండింటను సామాన్యమైన దొక్కటే: ఏడ్చునదియే మ్రింగునది. కావున భక్షకత్వము లేని కపటరోదనము మొసలి కన్నీరు గాదు. ఎఱుఁగనివాని చావునకు లోకమర్యాదకై కన్ను లొత్తుకొనువానిది దొంగయేడుపు మాత్రమే. బాకీక్రింద బీదవాని పొలమును వేలము వేయించి, వాని బిడ్డలఁ జూచి “అయ్యో” యనువానిది మొసలి కన్నీరు. గజేంద్రమోక్షమందలి మకరి పట్టు విడువదే కాని కంటఁ దడి పెట్టదు. క్రౌర్యమునకుఁ గారుణ్యపు ముసుఁగు తోడైననే యీ నుడికారము చెల్లును.

ఆలంకారికమర్యాద నరసినచో, మనుష్యుని కన్నీటిని మొసలి దనుటచే ముఖ్యార్థబాధ, సాదృశ్యము సంబంధము, హానికర్తయే శోకకర్త యను వ్యంగ్యము ప్రయోజనము. “కపటదుఃఖ”మనుటతో సరిపెట్టుకొన్నచో నీ ప్రయోజనము నశించి రూఢి మాత్రమే మిగులును.

షేక్స్పియరుని ఆఱవ హెన్రీ నాటకము రెండవభాగమున మార్గరెట్ రాణి, గ్లాస్టరు ప్రభువు నిట్టి మొసలితోఁ బోల్చి నిందించును. అతఁడు నిర్దోషి, అతని చావునకుఁ గుట్ర పన్నినవారిలో నామెయు నొకతె. మ్రింగువా రెవ్వరో యెఱిఁగిన చదువరికి నా పోలిక పలికిన నోటికే తిరిగి తగులును. కన్నీటినే చూచువానికి నీ సొగసు దక్కదు.

2007లోఁ బ్రకటితమైన యొక పరిశీలనమున, మొసలికి దగ్గఱి జాతులగు ఎలిగేటరులు, కెయిమనులు 7 పరీక్షింపఁగా, 5 జంతువులకు మేయునపుడు కన్నులు చెమర్చినవి. అది దేహధర్మమే కాని శోకము గాదు. అయినను నుడికారమున కిందువలన లాభము గాని నష్టము గాని లేదు. ఉపమానమునకు వలసినది ప్రసిద్ధి. హంస పాలను నీటిని వేఱుచేయుటయుఁ, జకోరము వెన్నెలఁ ద్రావుటయు మనకుఁ గవిసమయములే కదా!

కావున నుపాధ్యాయు లీ మాటకుఁ “దాఁ గీడుచేసి తానే యేడ్చుట” యని యర్థము చెప్పుట మేలు. పండితులు విచారింతురుగాక.