లాంచీ రేవు నుంచి చదవడం: ద్వీపయాత్రా రచనలో దారి, ఖర్చు, నిరీక్షణ

తెలుగు యాత్రా సాహిత్య విమర్శలో ఒక అలవాటు స్థిరపడింది. గమ్యస్థానాన్ని రచయిత ఎంత అందంగా వర్ణించాడు, అక్కడి చరిత్రను ఎంతవరకు తెలుసుకున్నాడు, ఆ దర్శనం అతనిలో ఎటువంటి భావాలను మేల్కొల్పింది అన్న ప్రశ్నలకే మనం ప్రాధాన్యమిస్తాం. అక్కడికి ఎట్లా చేరాడు, ఎంత చెల్లించాడు, ఏ రేవులో ఎంతసేపు కాచుకున్నాడు అన్న విషయాలు ‘ప్రయాణ సమాచారం’ అన్న పేరుతో సాహిత్య చర్చకు వెలుపల ఉండిపోతాయి. ఏర్పాటు చేసిన బృందయాత్రలో వెళ్ళినవారి రచనలకు ఈ విభజన కొంతవరకు సరిపోవచ్చు. బస్సు, పడవ మారుతూ, తక్కువ ఖర్చుతో, తనంతట తానుగా వెళ్ళే యాత్రికుని రచనకు సరిపోదు. ద్వీపయాత్ర విషయంలో దారిని వదిలిపెట్టిన పఠనం గమ్యం అర్థాన్ని కూడా జారవిడుస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. ఇందుకు నాగార్జునకొండ ప్రధానోదాహరణ, డి.హెచ్. లారెన్స్ రచించిన ‘సీ అండ్ సార్డీనియా’ పోలికకు ఆధారం.

హైదరాబాదు తూర్పు భాగంలోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ఈ చర్చకు తగిన ప్రారంభస్థానాలు. శిక్షణ కేంద్రాలు, వాటిని ఆనుకొని పెరిగిన హాస్టళ్ళు నిండిన దిల్‌సుఖ్‌నగర్‌లో సొంత వాహనం లేని యువతీయువకులు అధికం. ఎల్.బి.నగర్ కూడలి ఒకవైపు విజయవాడ రహదారికి, మరొకవైపు సాగర్ రహదారికి ముఖద్వారం. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్.బి.నగర్ వరకు మెట్రో మార్గం ప్రారంభమైన తరువాత నగరం ఆవలి కొసన ఉన్నవారికి కూడా ఈ కూడలి ఒక మజిలీ అయింది. ఇక్కడ బస్సెక్కిన ప్రయాణికుడు సాగర్ రింగ్ రోడ్డు దాటి, ఇబ్రహీంపట్నం, యాచారం, మాల్, చింతపల్లి మీదుగా సుమారు నూటయాభై కిలోమీటర్ల దారిలో నాగార్జునసాగర్ చేరుకుంటాడు. ఆనకట్ట ఆవలి ఒడ్డున విజయపురి సౌత్ లాంచీ స్టేషను. అక్కడినుంచి నీటిమీద ఇంచుమించు గంటసేపు సాగితే నాగార్జునకొండ.

బస్సు, రేవు, పడవ, ద్వీపం అన్న ఈ వరుస మధ్యధరా సముద్రంలో చవకగా తిరిగే యాత్రికులకు సుపరిచితమైనదే. మాల్టాలో వలెట్టా నుంచి బస్సులో చిర్కెవ్వా రేవుకు పోయి, ఇరవైయైదు నిమిషాల ఫెర్రీ ప్రయాణంతో గోజో ద్వీపానికి చేరుతారు. హోమరు కావ్యంలోని కాలిప్సో నివసించిన ద్వీపం గోజోయేనని ఒక ప్రతీతి. వరుస ఒకటే అయినా రెండింటి మధ్య మౌలికమైన భేదం ఒకటుంది. హోమరు నాటికే గోజో ద్వీపం. నాగార్జునకొండ మన తాతల కాలంలో కూడా ద్వీపం కాదు.

అది కృష్ణాతీరపు లోయలో నిలిచిన కొండ. 1926లో ఎ.ఆర్. సరస్వతి ఆ లోయలోని శిథిలాలను గుర్తించడం, 1927 నుంచి 1931 వరకు లాంగ్‌హర్‌స్ట్ త్రవ్వకాలు జరపడం, ఆనకట్ట నిర్ణయం ఖాయమైన దశలో 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నేతృత్వంలో నీటితో పోటీపడుతూ విస్తృతమైన త్రవ్వకాలు సాగడం చరిత్ర విద్యార్థులకు తెలిసినవే. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. ఈ రెండు తేదీల నడుమ ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అవశేషాలతోపాటు, ఆ లోయలో పొలాలు దున్నుకుంటున్న పుల్లారెడ్డిగూడెం వంటి ఊళ్ళు నీటి అడుగుకు చేరాయి. కొన్ని కట్టడాలను ఊడదీసి కొండమీద తిరిగి నిలబెట్టారు. మరికొన్నిటిని అనుపు వద్ద ఒడ్డున పునర్నిర్మించారు. ఊళ్ళను కొండమీదికి ఎత్తలేదు.

అంటే ఈ ద్వీపం మునక వల్ల ఏర్పడిన ద్వీపం. దీనికి తగిన యాత్రావాక్యం ఏది? తెలుగు సాహిత్యంలో విజయపురి గొప్పగానే కనిపిస్తుంది. అడివి బాపిరాజు ‘అడవి శాంతిశ్రీ’ నవలకు ఇక్ష్వాకుల కాలపు విజయపురి రంగస్థలం. సి. నారాయణరెడ్డి ‘నాగార్జునసాగరం’ గేయకావ్యం 1955లో, శంకుస్థాపన జరిగిన సంవత్సరంలోనే వెలువడింది. బాపిరాజు 1952లోనే మరణించారు కనుక ఆయన ఊహించిన లోయ నీరు చేరని లోయ. నారాయణరెడ్డి కావ్యం శీర్షికలోనే సాగరం ఉంది. కాని అది ఇంకా రాని సాగరం. ఈ రెండు రచనలను నేడు చదివే పాఠకుడు వాటి రంగస్థలానికి నడిచి వెళ్ళలేడు. లాంచీలో దాని మీదుగా పోగలడు. సాహిత్యవిద్యార్థికి ఇది చిన్న విషయం కాదు. ఒక నవల, ఒక కావ్యం జరిగిన నేల మొత్తం నీటి అడుగుకు పోయిన సందర్భం మన భాషలో తరచుగా ఎదురయ్యేది కాదు. ఆ నేలకూ చదువరికీ మధ్య మిగిలిన ఏకైక సంబంధం ఆ లాంచీ ప్రయాణం.

తరువాతి కాలపు పర్యాటక వచనం ఈ సంబంధాన్ని దాదాపుగా గుర్తించలేదు. పత్రికల సెలవుదిన అనుబంధాల్లోనూ, కరపత్రాల్లోనూ లాంచీ ప్రయాణానికి దొరికే విశేషణం ఇంచుమించు ఒక్కటే: ‘ఆహ్లాదకరం’. నాలుగు వైపుల నీరు, మధ్యలో పచ్చని కొండ, చల్లగాలి, ఆపైన మ్యూజియంలోని శిల్పాల పట్టిక. ఈ వచనంలో ద్వీపం ప్రకృతి ప్రసాదించిన వస్తువుగా మారిపోయింది. అబద్ధం ఒక్కటీ లేదు. అయినా అసలు విషయం లేదు. లాంచీ దేనిమీద నడుస్తున్నదో చెప్పని రచన మునకను రెండవసారి జరిపినట్లే అవుతుందని నా అభిప్రాయం. ‘ఆహ్లాదం’ అన్న మాటను విమర్శకుడు ఇక్కడ శైలీదోషంగా కాక విషయలోపంగా చదవాలి.

మనకు వేరే సంప్రదాయం లేకపోలేదు. ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’ తెలుగు యాత్రావచనానికి ఆద్యగ్రంథంగా ప్రసిద్ధం. 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి చేరిన ఆ యాత్రికుడు మజిలీ మజిలీకీ దారి ఎట్లా ఉంది, నీళ్ళ వసతి ఏమిటి, అంగళ్ళున్నాయా, బసకు చోటు దొరుకుతుందా, ఏటిని ఎట్లా దాటాలి అన్న విషయాలు వ్రాసుకుంటూ పోయాడు. ఆయన పేద యాత్రికుడు కాడు. సుప్రీంకోర్టులో దుబాసీ ఉద్యోగం చేసినవాడు. బోయీలతో, పరివారంతో ప్రయాణించినవాడు. అయినా దారి లెక్కను హీనంగా చూడలేదు. తన వెనుక రాబోయే బాటసారిని దృష్టిలో పెట్టుకొన్నవాని వచనమది. మనం ఆ గ్రంథాన్ని పందొమ్మిదవ శతాబ్ది సామాజిక చరిత్రకు ఆధారంగా తరచుగా ఉదాహరిస్తాం. వచన నిర్మాణ పద్ధతిగా మాత్రం అరుదుగా చూస్తాం. ఆ మజిలీల వరుసలోనే, ఆ వసతుల లెక్కలోనే గ్రంథానికి నడక ఏర్పడిందన్నది గమనార్హం. వాటిని తొలగిస్తే మిగిలేది క్షేత్రమాహాత్మ్యాల సంకలనమే.

ఆధునిక కాలంలో ఆచార్య ఎం. ఆదినారాయణ ‘భ్రమణకాంక్ష’ దారినే వస్తువుగా చేసుకున్న రచన. విమర్శకులు దానిని సముచితంగానే ఆదరించారు. అయితే ఆయనది కాలినడక. మన సంస్కృతిలో కాలినడకకు తీర్థయాత్ర గౌరవం, త్యాగపు వాసన ఉన్నాయి. నడిచినవాడు దారిని వర్ణిస్తే కుతూహలంతో చదువుతాం. ఎల్.బి.నగర్‌లో కిటికీ పక్క సీటు కోసం తువ్వాలు విసిరినవానికి ఆ గౌరవం లేదు. బస్సు ప్రయాణం కథకు, కవితకు వస్తువు కాగలిగింది గాని యాత్రాచరిత్రకు తగిన వాహనంగా ఇంకా గుర్తింపు పొందలేదు. ఇది సాహిత్య విలువకు సంబంధించిన తీర్పు కంటె వర్గానికి సంబంధించిన తీర్పు అనిపిస్తుంది.

లారెన్స్ పుస్తకం ఇక్కడ ఉపకరిస్తుంది. 1921 జనవరిలో ఆయన, భార్య ఫ్రీడా సిసిలీలోని తావొర్మీనా నుంచి బయలుదేరి, పలెర్మోలో ఓడ ఎక్కి సార్డీనియా ద్వీపంలోని కాల్యారీలో దిగారు. అక్కడినుంచి చిన్న రైలులో మండాస్, సోర్గొనో, ఆపైన బస్సులో న్యూవొరో మీదుగా తెరానోవా, మళ్ళీ ఓడ. మొత్తం కొద్దిరోజుల యాత్ర. పుస్తకం ఆ సంవత్సరం డిసెంబరులోనే న్యూయార్కులో వెలువడింది. ఖర్చు తగ్గించుకోవడానికి వారు వెంట తీసుకుపోయిన ‘కిచెనీనో’ అనే వంటసంచి, అందులోని స్పిరిటు స్టవ్వు, టీ సరంజామా ఆ పుస్తకంలో ఒక పాత్ర వంటివి. అద్దాల వెనుకనుంచి చూసే పురావస్తువులు ఆ రచనలో లేవనే చెప్పాలి. న్యూవొరోలో చూడదగినవేవీ లేకపోవడం లారెన్స్‌కు ఊరట కలిగించింది. బదులుగా రైలు పెట్టె, ఓడలోని పడక, సోర్గొనో సత్రంలోని మురికి, బస్సు డ్రైవరు, కండక్టరు పేజీల కొద్దీ నిలిచారు.

ధరల ప్రస్తావన ఆ పుస్తకానికి వెన్నెముక. మొదటి ప్రపంచయుద్ధానంతరం ఇటలీ నాణెం విలువ పడిపోయింది. ఇంగ్లీషువాని చేతి పౌను బలిసింది. దారిలో ఎదురైనవారు మారకపు రేటు ఎత్తిపొడుస్తారు, లారెన్స్ చిరాకుపడతాడు. తన జేబులో డబ్బు తక్కువ, తన దేశపు నాణెం బరువు ఎక్కువ. ఈ వైరుధ్యం టికెట్టు కొనే చోట, గది అద్దె బేరమాడే చోట మాత్రమే బయటపడుతుంది. ఖర్చుల లెక్కను ‘సమాచారం’గా తీసివేస్తే ఆ పుస్తకంలోని రాజకీయం మొత్తం పోతుంది. అట్లాగని దారిని వ్రాసినంత మాత్రాన చూపు శుద్ధమవుతుందని కాదు. నలుపుతెలుపు దుస్తుల సార్డీనియా రైతులో తాను కోరుకున్న ఆదిమ పురుషుణ్ణి వెదకడం, సత్రం బాగులేనప్పుడు ఊరినంతటినీ తిట్టడం లారెన్స్ లోపాలు. బస్సులో పక్కన కూర్చున్నవారితో సమానంగా కూర్చున్నాడే గాని సమానంగా చూడలేకపోయాడు. వీరాస్వామయ్య కులదృష్టిని మనం ఎత్తిచూపినట్లే దీనినీ ఎత్తిచూపవలసి ఉంటుంది.

ధరలు, వేళలు నశ్వరమైనవని, పదేళ్ళకు పనికిరావని, అందువల్ల అవి సాహిత్యం కాజాలవని ఒక ఆక్షేపణ రావచ్చు. లెక్క పనికిరాకపోయినా ఆ లెక్కలోని సంబంధం నిలుస్తుంది. 2023 డిసెంబరు 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం ప్రారంభమైన నాటినుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు సున్నా టికెట్టు ఇస్తున్నారు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టలు విద్యార్థిని సాగర్ వరకు ఈ టికెట్టుతో చేరగలదు. పక్కనే కూర్చున్న సహవిద్యార్థి ఛార్జీ చెల్లిస్తాడు. సున్నా టికెట్టు రాష్ట్రం హద్దు వరకే. విజయపురి సౌత్ ఆంధ్రప్రదేశ్‌లోది. లాంచీ దగ్గర ఇద్దరికీ టికెట్టు కావాలి. 2014లో గీసిన సరిహద్దు ఆనకట్ట మీద కంటికి కనిపించదు; చిల్లర తీసే చేతికి తెలుస్తుంది. ఈ అనుభవాన్ని వ్రాసే యువరచయిత్రి ఆ సున్నాను దాటవేసి నేరుగా ఆయక స్తంభాల వర్ణనలోకి పోతే ఏం కోల్పోతుందో చెప్పడం విమర్శకుని బాధ్యత. ఇంట్లో అనుమతికంటె ముందు బస్సు ఛార్జీ అడ్డుపడిన తరాల తరువాత, అడ్డు తొలగిన మొదటి తరం వ్రాసే యాత్ర అది.

నిరీక్షణ మాట. తగినంతమంది ప్రయాణికులు చేరితేగాని లాంచీ కదలదు. రేవులో ఆ ఎదురుచూపును మన యాత్రారచనలు వృథాకాలంగా ఒక వాక్యంలో ముగిస్తాయి. కాని బృందయాత్రికుడు తన బృందంతోనే వచ్చి పోతాడు. ఒంటరిగా వచ్చినవాడు మాత్రం ముక్కుమొగం తెలియని ముప్పైమంది రాక మీద ఆధారపడతాడు. మాచర్ల వైపునుంచి వచ్చిన కుటుంబం, బౌద్ధయాత్రికుల జట్టు, పాఠశాల పిల్లలు చేరితేనే అతని యాత్ర సాధ్యం. ఒంటరి యాత్ర అన్న మాటకు ఇంతకంటె మంచి వ్యాఖ్యానం దొరకదు. రేవులోని పాతతరం మనుషులనుంచి మునిగిన ఊళ్ళ పేర్లు వినే అవకాశం కూడా ఆ వేళలోనే ఉన్నది. దీవిమీద మ్యూజియం పలకల్లో ఆ పేర్లకు చోటు తక్కువ.

చివరగా పాఠపరిశీలనకు సంబంధించిన ఒక సూచన. గోజో ఫెర్రీకి వెళ్ళేటప్పుడు టికెట్టు అడగరు. తిరుగు ప్రయాణంలో మ్జార్ రేవులో రెండు వైపుల ఛార్జీ కలిపి తీసుకుంటారు. ద్వీపంలో ఎన్నాళ్ళుంటారన్నది యాత్రికుని ఇష్టం. నాగార్జునకొండపై రాత్రి బస లేదు. తీసుకువెళ్ళిన లాంచీయే తిరిగి తీసుకువస్తుంది, శుక్రవారం మ్యూజియానికి సెలవు. శిల్పాల ఎదుట ఎంతసేపు నిలవాలో లాంచీ వేళ నిర్ణయిస్తుంది. నాగార్జునకొండ మీద వచ్చిన వ్యాసాలలో మ్యూజియం వర్ణన హడావిడిగా, పట్టికలా ఉండటానికి రచయిత అశ్రద్ధను కారణంగా చూపే ముందు, ఆ రచయిత ఏ లాంచీకి తిరిగి రావలసి వచ్చిందో అడగవలసి ఉంటుంది. ఆ ప్రశ్నకు జవాబు రచనలోనే దొరికితే, దానిని మనం ఇంతవరకు ‘సమాచారం’ అని పక్కన పెట్టిన వాక్యాలలోనే వెదకాలి.