గ్లాసులో ఏముంది?

యూరిక్ యాసిడ్ ఎక్కువుందని రిపోర్టు రాగానే మన ఇళ్లలో కందిపప్పుకీ పాలకూరకీ టమాటాకీ నిషేధం పడుతుంది. యూరిక్ యాసిడ్ పెరగడం వల్ల వచ్చే కీళ్లవాతం, అంటే గౌట్‌తో బతుకుతున్న నాకు అయినవాళ్లంతా చెప్పిన పథ్యం ఇదే. ఏం తాగుతున్నావని మాత్రం ఎవరూ అడగలేదు. ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారే ప్యూరిన్లున్న కూరగాయల వల్ల గౌట్ ముప్పు పెరిగినట్టు పెద్ద అధ్యయనాల్లో కనబడలేదు. బీరు, తీపి కూల్‌డ్రింకుల వల్ల పెరుగుతుందని తేలింది. అందుకే కంచం కంటే ముందు గ్లాసు సంగతి చూసుకోమంటాను.

బీరుది రెండు వైపుల దెబ్బ. అందులో ప్యూరిన్లున్నాయి. పైగా ఆల్కహాల్ వల్ల మూత్రపిండాలు యూరిక్ యాసిడ్‌ను సరిగా బయటికి పంపలేవు. విస్కీ, బ్రాందీలతోనూ ఈ రెండో చిక్కు తప్పదు. చెట్టు నుంచి దించిందే కదా అని పులిసిన కల్లుకు మినహాయింపు ఇవ్వలేం.

తీపి సంగతి చాలామందికి తెలియదు. పంచదారలో సగం ఫ్రక్టోజే. దాన్ని కాలేయం వాడుకునేటప్పుడు యూరిక్ యాసిడ్ పుడుతుంది. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనం 46 వేల మందికి పైగా మగవాళ్లను 12 ఏళ్లపాటు గమనించింది. నెలకొకటి కూడా తాగనివాళ్లతో పోలిస్తే, రోజుకు రెండు లేదా అంతకు మించి తీపి కూల్‌డ్రింకులు తాగేవాళ్లలో గౌట్ ముప్పు 85 శాతం ఎక్కువ. ఆరోగ్యమనుకుని గ్లాసులకు గ్లాసులు తాగే చెరకురసం, బత్తాయి రసం కూడా ఈ లెక్కలోకే వస్తాయి. బత్తాయి ఒలుచుకుని తినడమే మేలు.

మరి ఏం తాగాలి? నా మొదటి ఓటు వెన్న తీసిన పలచని మజ్జిగకే. కొవ్వు తక్కువున్న పాల పదార్థాలు తీసుకునేవాళ్లలో గౌట్ తక్కువగా కనబడింది. అల్లం, కరివేపాకు దంచి వేసి, ఉప్పు మాత్రం తగ్గిస్తాను, గౌట్ ఉన్నవాళ్లలో చాలామందికి బీపీ కూడా ఉంటుంది కాబట్టి. పంచదార లేని కాఫీకి భయపడక్కర్లేదు. అన్నిటికన్నా ముఖ్యం నీళ్లు. రెంటచింతల ఎండల్లాంటి వేసవిలో చెమటతో ఒళ్లు ఎండిపోతే రక్తంలో యూరిక్ యాసిడ్ చిక్కబడుతుంది. గౌట్ నొప్పి తరచూ రాత్రిపూటే మొదలవుతుంది కనుక పగలంతా విడతలు విడతలుగా తాగుతూ ఉండాలి. కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్లు మాత్రం నీళ్లు, మజ్జిగ, కొబ్బరినీళ్లు ఎంత తాగాలో డాక్టరును అడిగి తీరాలి.

ఏ పానీయమూ మందుకు బదులు కాదు. రక్తంలో యూరిక్ యాసిడ్‌ను డెసిలీటరుకు 6 మిల్లీగ్రాముల లోపు ఉంచాలంటే చాలామందికి రోజూ మాత్ర వేసుకోక తప్పదు. మజ్జిగ తాగుతున్నాం కదా అని మాత్ర ఆపేయకూడదు.

చుట్టం గడప దాటగానే తీపి నీళ్లు చేతిలో పెట్టడం మన మర్యాద. ఇకనుంచి ఆ చుట్టాన్ని ముందు ఒక మాట అడగండి: "మజ్జిగ పుచ్చుకుంటారా, మంచినీళ్లు ఇమ్మంటారా?" గౌట్ ఉన్నవాళ్లకు అంతకు మించిన మర్యాద లేదు.