కడలంచున ప్రకటన గ్రంథం

ప్రకటన గ్రంథం మీద తెలుగులో పుస్తకాలకు కొదవ లేదు. క్రైస్తవ మహాసభ ఎక్కడ జరిగినా పుస్తకాల బల్ల మీద ఏడు తలల మృగం అట్టబొమ్మతో ఒకటైనా కనబడుతుంది. అలాంటివాటికి ముందుమాట రాయమని వచ్చినవారికి కాఫీ ఇచ్చి పంపించేస్తుంటాను. ఈ రాతప్రతి చదివాక మాత్రం, అడగకముందే, నాలుగు మాటలు రాస్తానని నేనే కబురు చేశాను.

గ్రంథకర్త తన మొదటి అధ్యాయాన్ని యోహాను దర్శనాలు చూసిన పద్మాసు ద్వీపంలో కాదు, విజయవాడ సింగ్ నగర్‌లో మొదలుపెట్టాడు. 2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు పొంగి విజయవాడ పేటల్లోకి వచ్చింది. అటు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. డాబాల మీద చిక్కుకున్నవారి ఫోన్లలో రెండు రకాల మాటలు తిరిగాయంటాడు. ఒకటి బ్రహ్మంగారి కాలజ్ఞానం పేరుతో బెజవాడలో అందరం చిన్నప్పటినుంచీ వింటున్నదే, కృష్ణమ్మ దుర్గమ్మ ముక్కుపుడకను అందుకుంటుందని. రెండోది, ఇది ప్రకటనలోని ఫలానా బూర, ఇది ఫలానా పాత్ర అని. గ్రంథాలు వేరైనా చదివే తీరు ఒక్కటే. ఒక చేత్తో దర్శనాన్ని, ఇంకో చేత్తో దినపత్రికను పట్టుకుని జత కుదర్చడం.

ఈ జత కుదిర్చే పని నా కళ్లముందే ఎన్నిసార్లు జరిగిందో! 1986లో చెర్నోబిల్ పేలితే మాచిపత్రి నక్షత్రం రాలిందన్నారు. బార్‌కోడు వస్తే అదే మృగం ముద్ర. తరవాత ఆధార్, ఆ తరవాత కోవిడ్ టీకా. ముద్ర మారుతూనే ఉంది గాని, పాతదాని గురించి బోధించినవారు ఆ మాట వెనక్కి తీసుకోగా నేను వినలేదు.

పాశ్చాత్యులదీ ఇదే వరస. అమెరికాలో విలియం మిల్లర్ దానియేలు గ్రంథంలోంచి లెక్కలు కట్టి ప్రభువు రాకడ దగ్గర పడిందన్నాడు. అనుచరులు చివరికి 1844 అక్టోబరు 22 అని ఖాయం చేసుకుని ఎదురుచూశారు. ఆ రోజు మామూలుగానే గడిచిపోయింది. గ్రంథకర్త ఈ కథను కొంచెం వెటకారంగా చెప్పి వదిలేశాడు. ఆ భంగపాటులోంచి పుట్టిన సెవెంత్ డే అడ్వెంటిస్టులే మన నూజివీడులో గిఫర్డ్ మెమోరియల్ ఆస్పత్రి పెట్టారు. ఆ సంగతి ఒక్క వాక్యమైనా రాయాల్సింది.

బ్రదరెన్ వారి విషయంలోనూ ఆయనతో నాకు పేచీ ఉంది. చరిత్రను యుగాలుగా విడగొట్టి, సంఘం ఎత్తబడటం, మహాశ్రమల కాలం, వెయ్యేండ్ల పాలన అని వరసగా పేర్చి చెప్పే పద్ధతి బ్రదరెన్ నాయకుడు డార్బీ బోధతో వ్యాపించింది, 1909లో వచ్చిన స్కోఫీల్డ్ బైబిలుతో స్థిరపడింది. ఆ పద్ధతి నాకూ ఒప్పుదల కాదు. కాని బౌడెన్, బీర్ అనే ఇద్దరు బ్రదరెన్ మిషనరీలు 1836లోనే వచ్చి గోదావరి డెల్టాలో నరసాపురం ప్రాంతాన్ని పట్టుకుని పనిచేశారు. గోడకు యుగాల పటం కట్టి బోధించిన ఆ పరంపర పెద్దలు, పటంతో పాటు బైబిలును మొదటినుంచి చివరిదాకా చదవడం కూడా పల్లె జనానికి నేర్పారు. వారిని ఒక్క పేరాలో కొట్టిపారేయడం అన్యాయం.

పుస్తకానికి ప్రాణం అయిదో అధ్యాయం, తొమ్మిదో అధ్యాయం. అయిదో అధ్యాయం ప్రకటనలోని అయిదో ముద్ర గురించి. అది విప్పినప్పుడు బలిపీఠం కింద హతుల ప్రాణాలు కనబడతాయి. తమ రక్తానికి తీర్పు ఇంకెంత కాలానికని అవి మొరపెడతాయి. తెల్లని వస్త్రాలిచ్చి ఇంకొంచెం ఆగమంటారు. నాలుగు గుర్రాల రంగుల మీద పేజీలు నింపే వ్యాఖ్యాతలు ఈ చోటును రెండు పంక్తుల్లో దాటేస్తారు. గ్రంథకర్త ఇక్కడ ఆగి చుండూరును తలుచుకున్నాడు. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపి, శవాలను గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. ఆ ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు శిక్షలు కొట్టేసింది. డెల్టా సంఘాల్లో అధికభాగం ఏ పల్లెల నుంచి వచ్చిందో ఎరిగినవారికి, బలిపీఠం కింది మొర ఎవరిదో విడమరచి చెప్పనక్కర్లేదు. ఇది రాజకీయమని కొందరంటారు. అననివ్వండి. యోహాను పద్మాసుకు పోయింది విహారానికి కాదు.

తొమ్మిదో అధ్యాయం సముద్రం గురించి. కొత్త ఆకాశం, కొత్త భూమి వచ్చాక సముద్రం ఉండదని యోహాను దర్శనం. సముద్రమంటే అల్లకల్లోలానికి గుర్తు, దానియేలు చూసిన నాలుగు మృగాలూ అందులోంచే లేచాయి, ప్రకటన 13లో మృగం లేచిందీ అక్కడినుంచే అని వ్యాఖ్యానాలు చెబుతాయి. సరే. అదే మాట దివిసీమ కడలంచున సొర్లగొందిలోనో పాలకాయతిప్పలోనో చదివి చూడండి. 1864 నవంబరులో ఉప్పెన బందరు ప్రాంతంలో సుమారు 30 వేల మందిని పొట్టన పెట్టుకుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో పోయినవారు సర్కారు లెక్కలోనే సుమారు పదివేలు. ఆ ఉప్పెనలో బిడ్డలను పోగొట్టుకున్న తల్లుల మధ్య ఈ వాక్యం చదివిన పాస్టర్లలో నేనొకణ్ని. ఎవరూ నన్ను అర్థం అడగలేదు.

అంతటితో ఆగితే ఇది మంచి ప్రసంగం అయ్యేది. గ్రంథకర్త ఇంకో అడుగు వేశాడు. వేటకు పోయి బతికేవాళ్లకు సముద్రం లేని లోకం దేనికని ఒక జాలరి తనను అడిగాడట. ఆ ప్రశ్నకు బలవంతాన జవాబు అతికించకుండా అలాగే అచ్చువేశాడు. నాకు ఈ నిజాయితీ పుస్తకంలో అన్నిటికంటె నచ్చింది.

మిగతా చోట్ల పండితుల దారినే నడిచాడు. 666 అన్నది నీరో కైసరు పేరును హీబ్రూ అక్షరాల్లో రాసి కూడితే వచ్చే మొత్తమని, కొన్ని పాత ప్రతుల్లో 616 ఉందని, పేరు రాసే తీరు కొద్దిగా మారిస్తే అదీ కుదురుతుందని సులువుగా చెప్పాడు. క్రీ.శ. 60లో భూకంపం వచ్చినప్పుడు రోము సాయం వద్దని సొంత డబ్బుతో ఊరు కట్టుకున్న లవొదికయ గర్వాన్ని, ఆ సంఘానికి వచ్చిన లేఖతో కలిపి చదివిన తీరు బాగుంది. వెయ్యేండ్ల పాలన మీద అధ్యాయం మాత్రం హడావుడిగా ముగిసింది. అగస్టీను దాన్ని సంఘపు కాలంగానే చదివాడని చెప్పి ఊరుకుంటే చాలదు, ఎందుకలా చదివాడో చెప్పాలి. మలిముద్రణలో పూర్తి చేయాలని నా ఆజ్ఞ. పెద్దవాణ్ని కనక ఆ పాటి చనువు ఉంది.

పాఠకులు ముందుగా ప్రకటనలో రెండు, మూడు అధ్యాయాలు, అంటే ఏడు సంఘాలకు వెళ్లిన లేఖలు, చదివి ఈ పుస్తకం తెరవాలి. దానియేలు, యెహెజ్కేలు పక్కనే ఉంచుకోండి. స్త్రీల మైత్రి కూటాల్లో వారానికో అధ్యాయం చదువుకుంటే మరీ మంచిది. యువ పాస్టర్లకు నాదొక మనవి. మళ్లీ వరద వచ్చినప్పుడు అది ఎన్నో బూరో సభలో లెక్క చెప్పేముందు, ఇందులో తొమ్మిదో అధ్యాయం మీ సంఘానికి బిగ్గరగా చదివి వినిపించండి.