రిమోట్ అవ్వ చేతిలో

ఆంబూరులో మా ఇంట్లో పది నెలల మనవడికి బువ్వ పెట్టే పని నాది. కోడలు పొద్దున్నే షూ కంపెనీ బస్సెక్కిపోతుంది, కొడుకు వేలూరు పోతాడు. మిగిలేది నేనూ, వాడూ, గోడకున్న టీవీ. వాడు పెదాలు బిగించి తల అటూ ఇటూ తిప్పే వేళకు ఎవరో ఒకరు గుమ్మంలోంచే ఓ సలహా పారేసి పోతారు: "టీవీ ఎయ్యక్కా, వాడే నోరు తెరుస్తాడు." నిజమే, తెరుస్తాడు. గిన్నె ఖాళీ అయ్యేదాకా తెరుస్తూనే ఉంటాడు. నెయ్యి కలిపిన పప్పన్నం పెట్టినా, చప్పిడి గంజి పోసినా ఒకటే. ఏం తింటున్నాడో, ఎప్పుడు చాలనిపించిందో వాడికే తెలియదు. బిడ్డ తల తిప్పుకుంటే అది మారామా, కడుపు నిండిందా అని పోల్చుకోవడం అవ్వల పనితనం. టీవీ ముందు బిడ్డ తల తిప్పుకోడు, ఇక పోల్చుకునేదేముంది?

"మా పాపకు టీవీ అంటే ఎంత ఇష్టమో" అని మురిసిపోయే వాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. ఆ వయసులో ఇష్టం ఎక్కడిది, లొంగిపోవడం తప్ప! అప్పుడే పుట్టిన బిడ్డకు 20, 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నదే కాస్త తేటగా కనిపిస్తుంది. పాలిచ్చే తల్లి ముఖం సరిగ్గా అంత దూరంలోనే ఉంటుంది. నెలలు గడిచే కొద్దీ చూపు సాగుతుంది. కదిలేది, మెరిసేది, ఉన్నట్టుండి చప్పుడు చేసేది ఏదైనా సరే, తల అటు తిరిగిపోతుంది. అది పుట్టుకతో వచ్చే గుణం. 'ఏమిటది?' అనే ఆ ఉలికిపాటును రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ తన కుక్కల్లో గమనించి రాశాడు. పొదలో పాము ఉందో పిల్లి ఉందో చూసుకోవాల్సిన చోట అది ప్రాణం కాపాడే గుణమే. టీవీలో బొమ్మ కొన్ని సెకన్లకే మారిపోతుంది, మారినప్పుడల్లా ఆ ఉలికిపాటు మళ్లీ మొదలవుతుంది. మన సీరియళ్లు ఈ విద్యలో ఆరితేరాయి. అత్తగారు ఒక మాట అంటుంది. హాల్లో ఉన్న వాళ్లందరి ముఖాలూ ఒక్కొక్కటీ మూడేసి సార్లు మీదికొస్తాయి, వచ్చినప్పుడల్లా ఓ ఉరుము. కథకు దానితో పనేమీ లేదు గానీ, పది నెలల ప్రేక్షకుడికి ఇంతకన్నా తగిన కార్యక్రమం ఎవరూ తీయలేరు. మధ్యలో వచ్చే ప్రకటనలైతే సరేసరి.

వాడు పాక్కుంటూ పోయి, గోడ పట్టుకుని నిలబడి, తెర మీది మామిడిపండును గిల్లి తీయబోతాడు. పిచ్చి చేష్ట కాదది. తొమ్మిది నెలల పిల్లలు పుస్తకంలోని రంగు బొమ్మను కూడా చేత్తో పట్టుకుని ఎత్తబోతారని జూడీ డిలోచ్ అనే అమెరికా పరిశోధకురాలి బృందం 1998లో చూపించింది. వీడియోతోనూ అంతేనని తర్వాత తేలింది. ఏడాదిన్నర దాటాక గానీ పట్టుకోవడం మాని వేలితో చూపించరు. అంటే మనం చూసే టీవీ వేరు, వాడు చూసేది వేరు. వాడి ముందున్నది చేతికి అందని వస్తువుల కిటికీ.

ఈ కిటికీ మా వీధికి ఎలా వచ్చిందో కూడా చెప్పుకోవాలి. 2006 తమిళనాడు ఎన్నికల్లో కరుణానిధి ఇంటికో కలర్ టీవీ ఉచితమన్నారు. గెలిచాక ఆ ఏడాదే సెప్టెంబరు 15న, అన్నాదురై జయంతి నాడు పంపిణీ మొదలుపెట్టారు. 2011లో ప్రభుత్వం మారేలోగా కోటిన్నరకు పైగా సెట్లు ఇళ్లకు చేరాయి. బియ్యం తెచ్చుకునే కార్డు మీదనే టీవీ కూడా వచ్చింది. ఆ తర్వాత జయలలిత మిక్సీ, గ్రైండరు, ఫ్యాను ఇచ్చారు. ప్రభుత్వం నడిపే అరసు కేబుల్‌ను నెలకు 70 రూపాయలకు తెచ్చారు. రుబ్బురోలు దగ్గర పోయే ఆడవాళ్ల గంటను గ్రైండరు మిగిల్చింది. కానీ ముందు టీవీ వచ్చి, తర్వాత గ్రైండరు రావడంతో మిగిలిన ఆ గంట ఎక్కడికి పోవాలో ముందే ఖరారైపోయింది. నడుమ 2012 ప్రాంతంలో కోతల కాలం ఒకటి నడిచింది. చెన్నై దాటితే గంటల తరబడి కరెంటు ఉండేది కాదు. పసిపిల్లలకు టీవీ వద్దని డాక్టర్లు చెప్పే నియమాన్ని మా జిల్లాలో ఖచ్చితంగా అమలు చేసింది ఆ కోత ఒక్కటే. (జిల్లా అంటే అప్పుడు వేలూరు. 2019 నుంచి ఆంబూరు తిరుపత్తూరు జిల్లాలోకి పోయింది, మా చెల్లెలు ఉండే గుడియాత్తం వేలూరులోనే ఉంది. చుట్టాల మధ్య సరిహద్దు పడింది.)

ఇక్కడి తెలుగు ఇళ్లలో టీవీకి ఇంకో సమర్థన ఉంది, అది నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తుంది. ఆంబూరులో బిడ్డ చెవిన పడే భాషలకు కొదవ లేదు. వీధిలో తమిళం, బజారులో ఉర్దూ, ఇంట్లో మన మాట. 2006లో వచ్చిన చట్టంతో బడిలో తమిళం తప్పనిసరి అయ్యింది. తెలుగు చదివే పిల్లలు ఏటికేడు తగ్గుతున్నారు. అందుకని జెమినీయో, ఈటీవీయో పొద్దస్తమానం మోగుతూ ఉంటే బిడ్డ చెవిలో నాలుగు తెలుగు మాటలైనా పడతాయని మా వాళ్ల ఆశ. మంచి ఆశే. ఎవరూ కాదనలేని ఆశ.

అయితే ఈ ఆశను నేరుగా పరీక్షించిన ప్రయోగం ఒకటి ఉంది. సియాటిల్‌లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పాట్రీషియా కూల్ బృందం చేసింది. 2003లో ప్రచురించారు. ఇంగ్లీషు మాట్లాడే ఇళ్లలోని తొమ్మిది నెలల పిల్లలకు చైనా మాండరిన్ మాట్లాడే మనుషుల్ని తోడిచ్చారు. వాళ్లు నేల మీద కూర్చుని బొమ్మలాడించారు, పుస్తకాలు చదివి వినిపించారు. ఒక్కోసారి అరగంటకు కాస్త తక్కువ, అలా మొత్తం 12 సార్లు. ఆ తర్వాత పరీక్షిస్తే, ఇంగ్లీషు చెవులు పోల్చుకోలేని మాండరిన్ ధ్వనుల తేడాను ఆ పిల్లలు తైవాన్‌లో పుట్టి పెరిగిన పిల్లలతో సమానంగా పట్టేశారు. ఇంకో గుంపు పిల్లలకు అదే మనుషుల్ని, అవే బొమ్మల్ని, అవే పుస్తకాల్ని టీవీలో చూపించారు. వాళ్లకు ఏమీ రాలేదు. మాండరిన్ అసలు వినని పిల్లలు ఎక్కడున్నారో వాళ్లూ అక్కడే ఉన్నారు.

కాబట్టి హైదరాబాదు యాంకరమ్మ ఎంత గలగలా మాట్లాడినా నా మనవడి తెలుగుకు ఆమె పూచీ కాదు. వాడు 'ఊఁ' అంటే ఆమె 'ఊఁ' అనదు. వాడు గిన్నె వైపు చూస్తే ఆమె గిన్నె పేరు చెప్పదు. ఆ పని చేసే మనిషి వాడికెదురుగా చేతిలో ముద్ద పట్టుకుని కూర్చుని ఉంది, టీవీ మోగుతున్నంతసేపూ నోరు మూసుకుని.

ఈ నోరు మూసుకోవడమే అసలు సంగతి. గుడియాత్తంలో మా చెల్లెలి ఇంటికి పోతే మధ్యాహ్నం నలుగురైదుగురు ఆడవాళ్లు చేటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ ఉంటారు. ఆకు కత్తిరించడం, పొగాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం. చేతులకు అలవాటైన పని, చూపు కూడా అక్కర్లేదు. నోరు ఖాళీయే. పూర్వం ఆ నోళ్లు ఊరి సంగతులన్నీ నమిలేసేవి. పక్కన పడుకున్న బిడ్డను మధ్యమధ్యలో పలకరించేవి. ఇప్పుడు టీవీ మాట్లాడుతుంది, వాళ్లు వింటారు. అడిగితే "మేం బిడ్డకి పెట్టలేదక్కా, మాకు పెట్టుకున్యాం" అంటారు. అబద్ధం కాదు. కానీ 2009లో డిమిట్రి క్రిస్టాకిస్ అనే పిల్లల డాక్టరూ, ఆయన తోటివాళ్లూ ఈ లెక్కే తీశారు. రెండు నెలల నుంచి నాలుగేళ్ల దాకా ఉన్న పిల్లల చొక్కాల్లో చిన్న రికార్డర్లు పెట్టి ఇంట్లో మాటలన్నీ కొలిచారు. టీవీ వినబడే ప్రతి గంటకూ బిడ్డ చెవిన పడే పెద్దవాళ్ల మాటలు 770 చొప్పున తగ్గాయి. బిడ్డ చేసే చప్పుళ్లూ తగ్గాయి. చూసినా చూడకపోయినా, మోగితే చాలు. (చంటిబిడ్డ పక్కన పొగాకు దుమ్ము సంగతి వేరే. అది దీనికన్నా పెద్ద గొడవ.)

నియమాల సంగతి రెండు ముక్కల్లో అయిపోతుంది. రెండేళ్లు నిండేదాకా తెర అసలు వద్దని, దూరాన ఉన్న సొంతవాళ్లతో అప్పుడప్పుడు వీడియో కాల్ ఒక్కటే మినహాయింపని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022లో వెలువరించిన మార్గదర్శకాల్లో ఉంది. రెండు నుంచి ఐదేళ్ల లోపు రోజుకు గంట, అదీ పెద్దవాళ్లు పక్కన ఉండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిందీ ఇంచుమించు ఇదే. పసిపిల్లల్ని మేధావుల్ని చేస్తామన్నట్టు వీడియోలు అమ్మిన బేబీ ఐన్‌స్టీన్ కథ తెలిసే ఉంటుంది. ఆ కంపెనీని కొన్న డిస్నీ 2009లో, డీవీడీలు తిరిగిచ్చిన వాళ్లకు డబ్బు వాపసు ఇస్తామంది.

మరి టీవీ లేకుండా బువ్వ ఎలా? నేను వాడిని వసారాలోకి తీసుకుపోతాను. వాడి చేతికో చెంచా ఇస్తాను, అన్నం మెతుకులు నాలుగు వాడి ముందు పళ్లెంలో వేస్తాను. సగం జుట్టుకు పూసుకుంటాడు, పూసుకోనీ. కాకి వస్తే కాకి, మేకలు పోతే మేకలు. మా కొడుకు చదువుకున్నవాడు, ఒకనాడు అడిగాడు: "కాకిని చూపించి నోట్లో ముద్ద పెట్టడం, టీవీ చూపించి పెట్టడం, రెండూ ఒకటే కదమ్మా?" చాలాసేపు జవాబు తోచలేదు. రెండూ ఏమార్చడమే, నిజమే. చందమామను చూపించి గోరుముద్దలు తినిపించిన అవ్వలంతా ఏమార్చిన వాళ్లే. కానీ కాకి కాసేపుండి ఎగిరిపోతుంది. పోగానే వాడు నా ముఖంలోకి చూస్తాడు, అది ఎక్కడికి పోయిందన్నట్టు. పోయిందిరా, వాళ్లమ్మ పిలిచిందంట అంటాను నేను. అక్కడ ఒక మాట పుట్టింది. చందమామ అయితే అసలు కదలడు, కథంతా అవ్వే చెప్పుకోవాలి. టీవీ వాడికి నా ముఖం చూసే తీరిక ఇవ్వదు. కొడుకు ఒప్పుకున్నాడో లేదో తెలియదు గానీ మళ్లీ అడగలేదు.

బువ్వ వేళ నయమే. గట్టి పరీక్ష సాయంత్రం ఐదు నుంచి కోడలు వచ్చేదాకా. వాడు అలిసి ఉంటాడు, నేనూ అలిసి ఉంటాను, ఊరికే ఏడుస్తాడు. అప్పుడు రిమోట్ కోసం చెయ్యి లాగుతుంది. అందుకే దాన్ని బీరువా మీద, నా చేతికి కూడా అందని చోట పెట్టించాను. బకెట్లో రెండు చెంబుల నీళ్లు పోసి పక్కనే కూర్చుంటే చాలాసేపు గడుస్తుంది. (పక్కనే కూర్చోవాలి, లేచి పోకూడదు.) లేదంటే చంకనేసుకుని రైలు కట్ట వైపు నడుస్తాను. చెన్నై, బెంగళూరు లైను కాబట్టి రైళ్లకు కరువు లేదు. రైలూ వాడిని కట్టిపడేస్తుంది, అయితే పోతుంది. పోయిన తర్వాత చెయ్యి ఊపాలి.

ఇదంతా చెయ్యగలుగుతున్నానంటే నాకు ఇంకో పని లేకపోబట్టి. పగలంతా కంపెనీలో చెప్పు పైభాగాలు కుట్టి వచ్చి, అన్నం ఉడికేదాకా బిడ్డను టీవీ ముందు కూర్చోబెట్టే ఒంటరి తల్లిని పట్టుకుని ఈ మార్గదర్శకాలు చదివి వినిపించే వాళ్లంటే నాకు పడదు. ఆమెకు కావలసింది ఉపదేశం కాదు, ఇంకో జత చేతులు. ముప్పై మందికి పైగా ఆడవాళ్లు పనిచేసే ఫ్యాక్టరీలో ఆరేళ్ల లోపు పిల్లలకు గది ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో చాలాకాలం పాటు ఉండేది. యాభై మంది పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు పోయి బిడ్డను చూసుకోవచ్చని 2017లో ప్రసూతి చట్టానికి చేర్చారు. మా ఊరి బతుకంతా షూ కంపెనీల మీదే, కుట్టేది ఎక్కువగా ఆడవాళ్లే. కాబట్టి పిల్లల టీవీ గురించి సభ పెట్టాలనుకునే వాళ్లు ముందు కంపెనీ గేటు దగ్గర నిలబడి, లోపల ఆ గది ఉందా, ఉంటే అందులో ఆయా ఉందా, లేక అక్కడా ఓ టీవీయే ఉందా అని అడిగి రావాలి.

వీడియో కాల్ గురించి కూడా అడుగుతుంటారు. మా పక్కింటి బిడ్డ నాన్న సౌదీలో ఉన్నాడు. అతను తెరలోంచి "కన్నా" అంటాడు, బిడ్డ కేరింత కొడితే అతనూ కేరింత కొడతాడు. రెండేళ్లు దాటిన పిల్లలు వీడియో కాల్‌లో తమకు బదులు పలికే మనిషి నుంచి కొత్త మాటలు నేర్చుకున్నారని, ముందే తీసిపెట్టిన వీడియో నుంచి నేర్చుకోలేదని 2014లో ఒక ప్రయోగంలో తేలింది. కాబట్టి ఆ నాన్నకు అడ్డు లేదు. ఫోన్ పెట్టేశాక అదే ఫోన్‌ను బిడ్డ చేతికి ఇచ్చేస్తేనే పేచీ.

ఇవన్నీ గుడియాత్తంలో మా చెల్లెలికి చెప్పాను. అంతా విని, చేటలో ఆకు సర్దుకుంటూ అడిగింది: "అట్లయితే మేము సీరియల్ చూడొద్దా ఏందక్కా?" బిడ్డ పడుకున్నాక చూడండి, రాత్రికి మళ్లీ వేస్తారు, ఫోన్‌లో ఎప్పుడంటే అప్పుడొస్తుంది అన్నాను. నలుగురూ కూర్చుని తిట్టుకుంటా చూడకపోతే అదేం సీరియల్ అంది. కాదనలేకపోయాను. బేరం మీద బేరం సాగి, చివరికి బిడ్డ మేలుకుని ఉన్నంతసేపు టీవీ ఆపడానికి ఒప్పుకుంది, ఒక్క శనివారం తప్ప. శనివారం ఎక్కడ ఆపారో చూడకుంటే సోమవారం దాకా ఆమెకు నిద్ర పట్టదంట.